మిరుగం నాటి పరక చేప

మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చిందని కోడలు పొద్దున్నే కొర్రమట్ట చేప తెచ్చి, రాతి ఉప్పేసి రుద్దుతుంటే, ఆ నీచు వాసనకు నాకు ఆకేరు వాగు గుర్తొచ్చింది.

మిరుగం నాడు చేప తింటే దగ్గు పోతుందని మా దిక్కు అంటారు. నా చిన్నతనంలో ఓ ఏడు మా అవ్వ, నాయన తల్లి, బాగా దగ్గుతోంది. పెద్దబాపు కొడుకు సమ్మన్నా, నేనూ గాలాలు పట్టుకుని పందెం వేసుకున్నాం. ఎవరి చేప పెద్దదైతే అవ్వ వాళ్లింట్లో తినాలి. నేను పట్టింది తింటేనే అవ్వ బతుకుతుందని నాకెందుకో గట్టి నమ్మకం.

వాగులో కొత్తనీరు ఎర్రగా సుడులు తిరుగుతోంది. గాలివానలో నా గాలపు బెండు మునిగిందో, కొట్టుకుపోయిందో కూడా కనబడలేదు. సమ్మన్న మూరెడు కొర్రమట్టను లాగాడు. నాకు పడింది వేలెడు పరక.

"గది చాపనా, గాలానికి గుచ్చిన ఎర్రనా?" అని సమ్మన్న ఒకటే నవ్వు.

ఏడుస్తూ ఇంటికొచ్చాను. అవ్వ మా అరుగు మీదే కూర్చుని ఉంది.

"గంత పెద్ద చాప నమలనీకి నాకు పండ్లు ఏడున్నయే బిడ్డా? నీ పరకనే వండుమను, మీ ఇంట్లనే తింట."

ఆ ఒక్క పరకనూ అవ్వ చాలాసేపు తిన్నది. గెలిచింది నేనేనని మురిసిపోయాను.

ఇవాళ కోడలు నా పళ్లెంలో ముక్క వేస్తూ, "కొర్రమట్టకు నడుమ ముల్లే ఉంటది అత్తమ్మా, పండ్లు లేకున్నా తినొచ్చు" అంది.

పరకకు ఒళ్లంతా ముళ్లే. అవ్వ అవన్నీ ఒక్కొక్కటే ఏరుకుంటూ తిన్నది.