పూజలో మోగిన పేజర్

సెల్‌ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, మా పిల్లలు గింజుకుంటారు. వాళ్ళకి పేజర్ అంటే ఏమిటో చెప్పాలంటే నాకు విసుగు, కోపం కూడా.

మా నాయన నెల్లూరులో ఒక రొయ్యల కంపెనీకి జీపు తోలేవాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు అందాలని ఓనరు ఆయనకి పేజర్ ఇచ్చాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. ఎవరైనా ఫోన్ బూత్ నుంచి పేజర్ ఆఫీసుకి తమ నంబరు చెబితే, ఇక్కడ ఇది మోగి ఆ నంబరు చూపిస్తుంది. మనం బూత్‌కి పోయి తిరిగి ఫోన్ చేసుకోవాలి. కబురు చేరిందో లేదో పంపినవాళ్ళకి తెలియదు.

అప్పుడు విడవలూరులో అక్క కడుపుతో ఉంది. నొప్పులొస్తే బావ పేజర్‌కి కబురు పెట్టాలి, నాయన జీపులో పోయి ఆసుపత్రికి తీసుకురావాలి. అదీ అనుకున్నది.

ఆయుధపూజ నాడు జీపు కడిగి బంతిపూల దండ వేశాం. స్పానర్లు, జాకీ దేవుడి ముందు పరిచి, వాటి పక్కన పేజర్ పెట్టి దానికీ పసుపు కుంకుమ అద్దింది నాయనమ్మ. దీపం కొండెక్కేదాకా పూజలోని పనిముట్టు కదిలించకూడదని మా ఇంట్లో శాసనం.

మధ్యాహ్నం అన్నాలు తింటుండగా పేజర్ మోగింది. నాయన లేవబోయాడు.

"కూర్చో అబ్బయా, ముట్టుకోబాక. ఈ పొద్దు కూడా మీ ఓనరుకి పనేనా?" అంది నాయనమ్మ.

"పెద్దదానికి నొప్పులేమో అత్తా, ఒకసారి చూడనీ" అంది అమ్మ.

"దానికింకా నెలుంది. శుభమా అని పండగ పూట ఆ మాటలేంది!"

నాయన కూర్చున్నాడు. మళ్ళీ మోగింది. ఆయన పులిహోర మారు పెట్టించుకున్నాడు. తల్లి మాట జవదాటడని వీధంతా మెచ్చుకునేది ఆయన్ని. ఏం చేసుకోను ఆ మెప్పు! నాకు ఈరోజుకీ ఒళ్ళు మండుతుంది.

పొద్దుగూకే వేళకి దీపం కొండెక్కింది. పేజర్ తీసి చూస్తే అన్నిసార్లూ ఒకటే నంబరు, విడవలూరు బూత్‌ది. నాయన ఫోన్ కూడా చేయకుండా అమ్మనీ నన్నూ ఎక్కించుకుని జీపు తీశాడు.

మేం పోయేసరికి వాకిట్లో జనం. అక్క లేదు. బిడ్డా దక్కలేదు. నెత్తురు ఆగలేదట. పూజలో ఉన్నా సరే ట్రాక్టర్ తీస్తానని పక్కింటాయన వచ్చాడట. ఆ గుంతల్లో ట్రాక్టర్ ఎందుకు, మా మామ జీపు వస్తా ఉందని బావే వద్దన్నాడట. చీకటి పడేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడట.

బావ ఏడవడం లేదు. నాయన దగ్గరికొచ్చి, "పేజర్ పనిచేయలేదా మామా?" అని అడిగాడు.

చెడిపోయిందని ఒక్క మాటంటే సరిపోయేది. అమ్మ నాయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది కూడా.

"మోగింది అబ్బయా" అన్నాడు నాయన. "అన్నం తింటా ఉన్నాను."