వాజ్ అని రాసిన ఫుంగ్మా

ఇంద్రకళ మా బడిలో ఇంగ్లీషు చెప్పేది, నేను లెక్కలు చెప్పేదాన్ని. మ్యాంగ్లుంగ్ అనే కొండ ఊళ్ళో, బజారుకు ఎగువన ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో అద్దెకుండేవాళ్ళం. ఇంద్రకళ పిల్లల నోటుబుక్కుల్లో ఒక్క తప్పును కూడా చూసీచూడనట్టు వదిలే మనిషి కాదు. వ్యాకరణం వస్తే పిల్లలు ఈ కొండ దిగి ఎక్కడికైనా వెళ్ళగలరని ఆమె గట్టి నమ్మకం.

ఆ శ్రావణంలో వాన తెరిపివ్వలేదు. తొమ్మిదో తరగతికి ఆమె చెబుతున్న పాఠం కలల గురించీ ఉద్యోగాల గురించీ. అభిప్రాయం ఎలా చెప్పాలో బోర్డు మీద రాసింది: ఐ థింక్, ఇన్ మై ఒపీనియన్, ఐ వుడ్ లైక్ టు బి. వీటితో తలా అయిదు వాక్యాలు రాయమంది. మా తరగతుల మధ్య అడ్డం ఒక చెక్క తడికే. ఆ రోజు జరిగినదంతా నా చెవిన పడింది.

ఫుంగ్మా అనే పిల్ల రెండు గంటలు నడిచి బడికొచ్చేది. వాళ్ళ ఊరికి రోడ్డు కొలవడానికి వచ్చినవాళ్ళు మూడుకాళ్ళ దుర్భిణిలోంచి ఒకసారి చూడనిచ్చారట. అప్పటినుంచీ సర్వేయర్నవుతానని అందరికీ చెప్పేది. ఆ ఏడు మాత్రం చదువులో వెనకబడింది. బోర్డు మీదిది రాసుకోకుండా పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూస్తోందని ఇంద్రకళ రెండుసార్లు కోప్పడింది కూడా.

"మై డ్రీమ్ వాజ్ టు బి ఎ సర్వేయర్," అని చదివింది ఫుంగ్మా.

"వాజ్ కాదు, ఈజ్," అంది ఇంద్రకళ.

"వాజే కరెక్టు మిస్."

"అదెలా కరెక్టు? పోయినదానికి వాజ్. నీ కల ఎక్కడికి పోయింది?"

వెనక బెంచీలోంచి టేక్‌రాజ్ అందుకున్నాడు. "చచ్చిపోయింది మిస్! నిన్ననే మట్టి చేసి వచ్చాం!"

తరగతంతా విరగబడి నవ్వింది. నా తరగతి పిల్లలూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, దాచను.

"నోర్ముయ్యండి! ఫుంగ్మా, మూడుసార్లు చెప్పు. మై డ్రీమ్ ఈజ్."

ఆ పిల్ల చెప్పింది. మొదటిసారి మామూలుగా, రెండోసారి మెల్లగా. మూడోసారి రేకుల మీద వాన చప్పుడే తప్ప నాకేమీ వినబడలేదు.

మర్నాడు రాలేదు. వారం గడిచినా రాలేదు. కొండచరియ విరిగి దారి మూసుకుందేమో అనుకున్నాం. ఒక శనివారం సంతలో వాళ్ళమ్మ ఏలకులు అమ్ముతూ కనిపిస్తే ఇంద్రకళ అడిగింది.

"పిల్లను బడి మాన్పించావా వదినా?"

"చూపు పోతోంది మిస్," అంది వాళ్ళమ్మ. "వైశాఖంలోనే బిరాట్‌నగర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆగేది కాదు, మందు లేదన్నారు డాక్టర్లు. గొట్టంలోంచి చూసినట్టుందంటుంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. మీకైనా చెప్పిందేమో అనుకున్నా."

ఇంద్రకళ సంచీ అక్కడే వదిలేసి గదికొచ్చింది. "అది చెప్పింది అక్కా," అంది నాతో. "చెబితే నేను దిద్దాను."

పై శనివారం ఇద్దరం ఆ ఊరు ఎక్కాం. ఫుంగ్మా గడపలో కూర్చుని మొక్కజొన్న ఒలుస్తోంది. మా అడుగుల చప్పుడుకే తలెత్తి, "ఇంగ్లీషు మిస్! లెక్కల మిస్ కూడానా? ఆయాసపడుతున్నారు," అని నవ్వింది.

ఇంద్రకళ నవ్వలేదు. "నామీద కోపంగా ఉందా?"

"ఎందుకు మిస్? తప్పనిపించింది, దిద్దారు." చేతిలో కంకి పక్కన పెట్టి అడిగింది. "ఆ రోజు మూడోసారి నేను ఏమన్నానో వినబడిందా మీకు?"

"లేదే. ఏమన్నావు?"

"పోనీలెండి మిస్," అని మళ్ళీ గింజలు ఒలవసాగింది. మొక్కజొన్న పేలాలు పెట్టి, టీ ఇచ్చి పంపింది.

దశైన్ పండగ వెళ్ళాక ఫుంగ్మాను కొండ దిగువన ధరాన్‌ పట్నంలో చూపులేని పిల్లల బడిలో చేర్పించి, ఇంటివాళ్ళూ ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఇంద్రకళ పాఠాలు చెబుతూనే ఉంది. కాని ఎర్రపెన్ను పట్టుకున్న చెయ్యి పుస్తకం మీద అలా నిలిచిపోయేది. 'నిజంగా ఇదే రాయాలనుకున్నావా?' అని ఒక్కొక్కర్నీ పిలిచి అడిగేది. మిస్‌కు ఇంగ్లీషు మరుపొస్తోందని పిల్లలు గుసగుసలాడారు. వాన పెద్దదైతే మాట మధ్యలో ఆపి చెవి ఒగ్గేది. "ఇప్పుడెవరన్నా ఏమన్నా అన్నారా అక్కా?" అని తడికె అవతలినుంచి నన్నడిగేది. ఎవరూ అనలేదనేదాన్ని. ఒకటి రెండుసార్లు నాకూ అనుమానమేసింది.

బీపీ మందులకని ఇంద్రకళ నెలనెలా ధరాన్ వెళ్ళేది. ఆ బడి గేటుకు ఎదురుగా నిలబడి, పిల్లల పాటలు విని, లోపలికి పోకుండానే తిరిగొచ్చేది. ఇలా ఆరేళ్ళు. చివరికి నేనే వెంట వెళ్ళి, చెయ్యిపట్టి గేటు దాటించాను.

వాచ్‌మన్ ముసలాయన. "ఫుంగ్మానా? వెళ్ళిపోయి రెండేళ్ళయిందమ్మా. ఏదో ఆఫీసులో ఫోను దగ్గర ఉద్యోగమన్నారు. ఏ ఊరో తెలీదు."

"బాగుందా?" అంది ఇంద్రకళ.

"బాగానే ఉండేది. నవ్వించేది అందర్నీ."

ఇంద్రకళ ఆయనకు దండం పెట్టి, తెచ్చిన నారింజపళ్ళు అక్కడి పిల్లలకు పంచమని ఇచ్చేసింది. తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బసంత్‌పూర్ దగ్గర పొగమంచు కమ్మి, డ్రైవరు పగలే దీపాలు వేశాడు.

"రెండేళ్ళపాటు," అంది, "ఎవరూ లేని గేటు ముందు నిలబడ్డానక్కా."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది.