తువ్వాల కింద బేరం

సంగమేశ్వర్‌కు కాలు ఒకచోట నిలిచేది కాదు. నారాయణఖేడ్‌లో డిగ్రీ అయిపోగానే హైదరాబాద్ వెళ్లి సీ ప్లస్ ప్లస్ కోర్సులో చేరాడు. ఒరాకిల్ వచ్చినవాళ్లకే ఉద్యోగాలని ఎవరో అంటే, అది వదిలి దానిలోకి దూకాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయన్న గోల మొదలయ్యేసరికి, తొంభై ఎనిమిదిలో పాత ప్రోగ్రాములు రాసిన భాష కోబాల్ పట్టుకున్నాడు. "ఏదో ఒకటి గట్టిగ నేర్వరాదురా" అని తిట్టేవాణ్ని. పక్కింటివాణ్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. వాడు వింటూనే చెప్పులు వేసుకునేవాడు.

వాళ్ల నాయన చన్నప్ప కందుల దలాల్. కంగ్టి, నాగల్‌గిద్ద రైతులు బస్తాలు దించితే సేట్లతో బేరమాడేది ఆయనే. ధర పైకి అనరు. తువ్వాల కింద చేతులు కలిపి, ధర ఎంతో అన్ని వేళ్లు పట్టి చెబుతారు. ముందు నోరు విప్పినవాడు చెడినట్టే. ధర నచ్చకపోతే లేచి నడవాలి, వెనక్కి చూడకూడదు. సరుకు కావలసినవాడు వాడే పిలుస్తాడు. సంగమేశ్వర్ బుద్ధెరిగినప్పటి నుంచి చూసిన బేరం ఇదొక్కటే.

ఆ ఎండాకాలం హైదరాబాద్‌లో ఒక కంపెనీ పరీక్ష పెట్టింది. పాత కోబాల్ ప్రోగ్రాం ఇచ్చి, సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోట్లన్నీ పట్టుకోమన్నారు. మనవాడు బాగానే రాశాడు. మేనేజరు లోపలికి పిలిచి, "జీతం ఎంత అనుకుంటున్నావు?" అని అడిగాడు.

వాడు నోరు విప్పలేదు. మేనేజరు మళ్లీ అడిగాడు.

"మీరే చెప్పండి సార్."

"నాలుగు వేలు."

సంగమేశ్వర్ నమస్కారం పెట్టి లేచాడు. తలుపు దాకా మెల్లగా నడిచాడు. ఎవరూ పిలవలేదు. మెట్లు దిగి చాయ్ తాగాడు, ఇంకో చాయ్ కూడా తాగాడు. అయినా ఎవరూ పిలవలేదు. చీకటి పడ్డాక ఇల్లు చేరాడు.

"ఎంతకు తెగిందిరా?" అన్నాడు చన్నప్ప.

"నాలుగు వేలిస్తమన్నరప్పా. లేచొచ్చిన."

"మంచిగ చేసినవ్. పిలుస్తరు, కూసో."

వాడు కూర్చుంటేగా! బస్టాండు దాకా పోయేవాడు, పోస్టాఫీసు ముందు నిలబడేవాడు, అన్నం సగంలో లేచిపోయేవాడు. వాణ్ని చూసీ చూసీ తండ్రికి కూడా గుబులు పట్టుకుంది.

"బయట నీ తీరోళ్లు ఎంతమంది ఉండిరి?"

"హాలు నిండ ఉండిరి."

"అయ్యో, గా మాట ముందుగాల చెప్పవద్దా? అంగడంత సరుకు నిండినంక లేచి వస్తరారా! జల్దీ పో. నాలుగుకే ఒప్పుకో."

ముప్పై ఏళ్లు దలాలీ చేసిన మనిషి కూడా కొడుకు దగ్గరికొచ్చేసరికి నిబ్బరం పోగొట్టుకున్నాడు. పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్లి, మేనేజరు కుర్చీలో కూర్చోకముందే, "నాలుగు వేలు చాలు సార్" అన్నాడు వాడు. మేనేజరు ఒకసారి ఎగాదిగా చూసి, "సరే, సోమవారం చేరు" అన్నాడు.

చేరిన రోజు ఆఫీసు గుమాస్తా లాజరు చాయ్ తాగుతూ అన్నాడు. "గంత తొందరేందన్నా నీకు? హాలు నిండ ఉన్నోళ్లంత సీ ప్లస్ ప్లస్ నేర్సినోళ్లే. కోబాల్ పరీక్ష పాసైంది నువ్వొక్కనివే. ఐదు వేలిస్తం రమ్మని నీకు టెలిగ్రాం కొట్టమన్నడు సారు, నువ్వొచ్చే ముందురోజు సాయంత్రం. తెల్లారి నేను పోస్టాఫీసుకు పోదమని లేస్తున్న, నువ్వే వచ్చినవ్."

ఆదివారం ఇంటికొచ్చి ఈ మాట చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఇద్దరినీ కలిపి తిట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. అంతలో చన్నప్ప భుజం మీది తువ్వాల తీసి ఒళ్లో పరుచుకున్నాడు. కొడుకు చేతిని దాని కిందికి లాక్కుని ఐదు వేళ్లూ పట్టుకున్నాడు.

"గిది నీ ధర బిడ్డా" అన్నాడు. "ఊరందరి కందులు మంచి ధరకు అమ్మిచ్చిన. నిన్నే తక్కువకు అమ్ముకున్న."