అంటే మాస్టారు

ఏసుదాసు మాస్టారికి ఒక్కటే అలవాటు. ఎదుటివాళ్ళు ఏ మాట అన్నా, అది పూర్తయ్యేలోపు "అంటే ఏంటండీ?" అని అడుగుతారు. ఇంగ్లీషు మాటకీ అడుగుతారు, తెలుగు మాటకీ అడుగుతారు, ఒక్కోసారి తన నోట్లోంచి వచ్చిన మాటకే ఆగి అడుగుతారు. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషిని మా ఊళ్ళో ఎవరూ హెడ్మాస్టరుగారు అనరు. అంటే మాస్టారు అంటారు.

ఒకసారి మామిడికుదురులో రాజోలు బస్సెక్కారు. కండక్టరు అందరితో అన్నట్టే ఈయనతోనూ, "కొంచెం ముందుకి జరగండి మాస్టారూ" అన్నాడు.

"ముందుకంటే ఎందాకండీ?"

"చోటున్నంత వరకూనండి."

"చోటంటే డ్రైవరుగారి ఒళ్ళో కూడా ఉందండి. జరిగిపోమంటారా?"

ఆ కండక్టరు తనని మా రూటు నుంచి మార్చమని డిపోలో అడిగాడట. కారణం ఏమని చెప్పాలో తెలియక మళ్ళీ ఊరుకున్నాడట.

గంగయ్యగారి అబ్బాయి పెళ్ళి శుభలేఖలో "సకుటుంబ సపరివారంగా" అని అచ్చు వేయించారు. మాస్టారు శుభలేఖ అందుకుని, "సపరివారమంటే ఎంతవరకండీ?" అని అడిగారు. ఇంకా నలభై ఇళ్ళు తిరగాల్సిన తొందరలో గంగయ్యగారు, "మీవాళ్ళనుకున్నవాళ్ళంతానండి" అనేశారు. మాస్టారు మా పేటలో కూలికెళ్ళే వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని వెళ్ళారు. రెండో బంతికి పూతరేకులు లేవు. గంగయ్యగారు ఇప్పటికీ శుభలేఖ అంటే ఉలిక్కిపడతారు.

నేను ఆయన దగ్గరే ఎనిమిదో తరగతి చదివాను. అప్పుడు మాస్టారు ఇలా ఉండేవారు కారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, అన్నీ తెలిసిన మొహం. ఎవరినీ ఏమీ అడిగేవారు కారు. తరవాత నేను నర్సింగు చదువుకి కాకినాడ వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఈ అలవాటు ముదిరిపోయి ఉంది. రిటైర్మెంటు వల్ల వచ్చిందనుకున్నాం అందరం.

నాలుగేళ్ళ కిందట మా ఊరి చుట్టుపక్కల పిల్లలకి టైఫాయిడు టీకా పరీక్ష మొదలైంది. నాకు అందులో నర్సు ఉద్యోగం వచ్చింది. కొత్త టీకా అది. దానివల్ల ప్రమాదం లేదని ముందు జరిగిన చిన్న పరీక్షల్లో తేలింది. పిల్లల్లో జబ్బుని ఎంతవరకు ఆపుతుందన్నది మాత్రం మాలాంటి చోట్లే తేలాలి. రొయ్యల చెరువులొచ్చి బోరునీళ్ళు ఉప్పబడిపోయాక మావాళ్ళు కాలవనీళ్ళే కాచీ కాచకా తాగుతున్నారు. ఏటా వానాకాలంలో పిల్లలు వరసగా మంచాన పడుతున్నారు.

పరీక్ష నడిపే డాక్టరు వెంకటకృష్ణగారు హైదరాబాదు నుంచి వచ్చారు. మంచివారే గాని బాగా తొందర మనిషి. బడిలో తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు. "పిల్లల్ని రాండమ్‌గా రెండు గ్రూపులు చేస్తామండి."

మొదటి వరసలోంచి మాస్టారు లేచారు. "రాండమ్ అంటే ఏంటండీ?"

"లాటరీ లాంటిదండి. సగంమందికి టైఫాయిడు టీకా, సగంమందికి కామెర్ల టీకా. అదీ పనికొచ్చేదే."

"లాటరీ అంటే తగలనోళ్ళ సంగతేంటండీ?"

"పరీక్ష అయ్యాక వాళ్ళకీ టైఫాయిడు టీకా వేస్తామండి."

"ఎవరికేది వేసేరో మాకు చెబుతారాండీ?"

"చెప్పమండి. వేసే నర్సుక్కూడా తెలీదు."

మాస్టారు నా వైపు తిరిగారు. "నిర్మలా, నువ్వేం వేస్తున్నావో నీకే తెలీదామ్మా?"

"ఆయ్, తెలీదండి" అన్నాను. బడంతా నవ్వింది.

"డాక్టరుగారూ, మీకు తెలుసాండీ?"

"నాకూ తెలీదండి."

"మరి ఎవరికీ తెలీందానికి ఇంతమందిమి ఎందుకొచ్చేమండీ?"

డాక్టరుగారు నుదురు తుడుచుకున్నారు. ముందే తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందని, అందుకే దాచిపెడతారని పావుగంట చెప్పారు. తరవాత రక్తపరీక్ష గురించి వచ్చింది. ఒక టీస్పూను రక్తం తీస్తామన్నారు.

"టీస్పూనంటే ఏ సైజండీ? మా ఇంట్లోనే రెండు రకాలున్నాయి."

సిరంజి తీసి చూపించారు. మాస్టారు ఇంకా కూర్చోలేదు. "మధ్యలో మానేస్తే రేషను కార్డు పోతుందాండీ?"

ఈసారి డాక్టరుగారే నవ్వారు. "రేషను కార్డుకీ దీనికీ సంబంధం ఏముందండీ. ఎప్పుడైనా మానేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు."

ముప్పావుగంటలో ముగుస్తుందనుకున్న మీటింగు మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసింది. కారెక్కుతూ డాక్టరుగారు నాతో, "ఆ పెద్దాయన లేని రోజు చూసి రెండో మీటింగు పెట్టండమ్మా" అన్నారు. వద్దండీ అన్నాను. ఆయన వినలేదు. మాస్టారు పింఛను కోసం తాను బతికే ఉన్నానని సర్టిఫికెట్టు ఇవ్వడానికి రాజోలు ట్రెజరీకి వెళ్ళే రోజు కనుక్కుని, ఆ రోజు పొద్దున్నే చాటింపు వేయించి, అప్పటికప్పుడే రెండో మీటింగు పెట్టించారు.

రెండో మీటింగు ఎంత హాయిగా జరిగిందో చెప్పలేను. డాక్టరుగారు చెప్పారు, జనం విన్నారు. "అర్థమైందాండీ?" అన్నారు. అందరూ తలలూపారు. టీ చల్లారేలోపు అయిపోయింది.

మర్నాడు టీకాల రోజు. ఐసు డబ్బాలు, కుర్చీలు, పిల్లలకి బిస్కెట్లు అన్నీ సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. గుమ్మంలోకి ఒక మేక మాత్రం వచ్చి, చూసి, వెళ్ళిపోయింది.

నేను బంగారమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ భర్త అప్పన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా. వాళ్ళకి సాయిదుర్గ అని ఒక్కతే కూతురు.

"నిన్న అందరూ తలలూపేరు కదా బంగారమ్మా. ఇవాళ రాలేదేం?"

"అంత పెద్ద డాక్టరుగారు అర్థమైందా అంటే కాలేదని ఎలాగంటామమ్మా. ఊపేం."

"మొదటి మీటింగులో ఒక్క మాటైనా అడగలేదు కదా మీరు."

"ఆ రోజు మాస్టారున్నారు కదమ్మా." బంగారమ్మ చేపలు కడుగుతున్నదల్లా చేతులు దులుపుకుని లేచింది. "మీటింగుందంటే ముందు సాయంత్రం మేవంతా ఆయన అరుగు మీదకెళ్తాం. మా భయాలన్నీ చెప్పేస్తాం. మర్నాడు ఆయన తనకే తెలీనట్టు అడుగుతారు. టీస్పూను సంగతి మా ఆయనది. రేషను కార్డు సంగతి నాదేనమ్మా. నేనడిగితే నన్ను చూసి నవ్వేవోరు. ఆయనడిగితే ఆయన్ని చూసి నవ్వుతారు. జవాబు మాత్రం మాకొస్తాది."

నేను అక్కణ్ణించి నేరుగా మాస్టారింటికి నడిచాను. ఆయన అరుగు మీద కూర్చుని కొబ్బరాకు ఈనెలు చీరుతున్నారు. పక్కన ఆయన భార్య కృపమ్మగారు చీపురు కడుతున్నారు.

"రామ్మా నిర్మలా. నిన్న ట్రెజరీలో నేను బతికున్నట్టు రాసుకున్నారు. బతికుండటమంటే ఏంటండీ అని అడిగితే, వేలిముద్ర పడాలండి అన్నారు. పడింది."

నాకు నవ్వు రాలేదు. "మాస్టారూ, రాండమ్ అంటే మీకు తెలుసు కదండీ" అన్నాను.

ఆయన ఈనె పక్కన పెట్టారు. "లెక్కల మాస్టారినమ్మా" అన్నారు.

"మరి ఎందుకండీ, అందరిచేతా నవ్వించుకోడం?"

ఆయన చీరిన ఈనెల్ని కృపమ్మగారి వైపు జరిపారు. తరవాత అడిగారు, "మా హర్ష నీ క్లాసే కదమ్మా?"

హర్ష ఆయన కొడుకు. నా వెనక బెంచీలో కూర్చునేవాడు. నేను కాకినాడ వెళ్ళిన ఏడే, వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. అది ఊరందరికీ తెలుసు. ఏ జ్వరమో, ఎలా పోయాడో మాత్రం మాలో ఒక్కరమూ అడగలేదు.

"టైఫాయిడమ్మా. టౌన్లో డాక్టరుగారికి చూపించేను. మందులు రాసి, కోర్సు పూర్తిచెయ్యండి మాస్టారూ అన్నారు. నేను ఆయ్ అన్నాను. నాకు తెలిసిన కోర్సులు బీయస్సీ, బీయీడీ. వారానికి జ్వరం తగ్గింది. ఆ బిళ్ళలు మింగితే వాడికి వాంతులయ్యేవి. వద్దు నాన్నా అన్నాడు. తగ్గింది కదా, కోర్సయిపోయినట్టే కదా అని ఆపేసేను. మళ్ళీ వచ్చింది. ఈసారి పేగుకి చిల్లు పడింది. కాకినాడ తీసుకెళ్ళేం. తీసుకురాలేకపోయేం."

కృపమ్మగారు చీపురు కట్టడం ఆపలేదు. తల మాత్రం దించుకున్నారు.

"కోర్సంటే ఏంటండీ అని ఒక్క మాట అడిగితే ఆ డాక్టరుగారు చెప్పేవారే. మంచాయన. అడగడానికి నాకు నామోషీ. హెడ్మాస్టర్ని కదా, బయట బెంచీ మీద మా స్కూలు పిల్లల తండ్రులున్నారు. వాళ్ళ ముందు తెలీదనడమా అనుకున్నాను." ఆయన తన చేతులు చూసుకున్నారు. "ఇప్పుడు ఎన్ని అడిగినా అది అడిగినట్టవదు నిర్మలా. అయినా అడక్కుండా ఉండలేను."

ఆ సాయంత్రం ఈ సంగతంతా డాక్టరుగారికి ఫోన్లో చెప్పాను. ఆయన మాస్టారి ఇల్లు ఎక్కడో అడిగారు. మర్నాడు పొద్దున్నే ఆయన మాస్టారి అరుగు దగ్గర కారు దిగారు.

"పొరపాటు చేశానండి మాస్టారూ."

"పొరపాటంటే ఏంటండీ?" అన్నారు మాస్టారు, కుర్చీ వేస్తూ. డాక్టరుగారు నవ్వి కూర్చున్నారు.

మూడో మీటింగు పొద్దు వాలేదాకా జరిగింది. ఆ వారంలో పిల్లలందరూ టీకాలకి వచ్చారు.

రెండో వానాకాలంలో సాయిదుర్గకి జ్వరం వచ్చింది. బంగారమ్మ మర్నాడే ఆసుపత్రికి తీసుకొచ్చింది. రక్తపరీక్షలో టైఫాయిడని తేలింది. మాస్టారికి కబురు తెలిసి ఆటోలో వచ్చి, ఆసుపత్రి వరండాలో కూలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"లాటరీ తగల్లేదామ్మా పిల్లకి?"

"నాకూ తెలీదండి. టీకా వేసినా ఒక్కోసారి వస్తుందండి."

"తగలనోళ్ళ సంగతేంటని అడిగేను కదా. తగలని పిల్ల తల్లి మొహం ఎలా చూడాలో అడగలేదు. బంగారమ్మకి ధైర్యం చెప్పి పంపింది నేనే."

బంగారమ్మ వచ్చి ఆయన పక్కన కింద కూర్చుంది. "లోపలికి రండి మాస్టారూ. మీటింగుల్లో మీరడిగినయ్యన్నీ ఇన్నాను కాబట్టి జొరమన్నాక ఆగకుండా ఒచ్చేను. లేపోతే ఏపాకు పక్కనెట్టుకుని ఇంట్లోనే కూకునేదాన్ని. బిళ్ళలు ఎన్నాళ్ళెయ్యాలో, తగ్గినా ఎందుకాపకూడదో ఇప్పుడే డాక్టరమ్మగారిని అడిగేను. రెండుసార్లు చెప్పించుకున్నాను."

మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. తరవాత ఆవిడ వెనకే లోపలికి నడిచారు. పిల్ల కోలుకుంది.

పోయినేడు పరీక్ష ముగిసింది. టీకా బాగా పనిచేసిందని తేలింది. సాయిదుర్గకి పడింది కామెర్ల టీకా అని కూడా అప్పుడే తెలిసింది. ఆ మాట వినగానే మాస్టారు మరోసారి కుంగిపోయారు. రెండు రోజులు ఎవర్నీ ఏమీ అడగలేదని కృపమ్మగారు కంగారుపడి నాకు కబురు పెట్టారు. ఆ గ్రూపు పిల్లలందరికీ ఇప్పుడు టైఫాయిడు టీకా వేస్తారని, దాని గురించి మళ్ళీ మీటింగుందని చెప్పాక లేచి చొక్కా వేసుకున్నారు.

ఈ మధ్య మాస్టారికి మరో ఇబ్బంది వచ్చింది. చెవుడు. మొన్నటి మీటింగులో డాక్టరుగారు ఏం చెప్పినా, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "కొంచెం గట్టిగా చెప్పండీ" అన్నారు. మామూలుగా డాక్టరుగారిది గొంతులోనే ఉండిపోయే మాట. పాపం ఆయన అరిచి అరిచి చెప్పారు. అప్పన్నా వాళ్ళు కూర్చున్న చివరి వరస దాకా, కిటికీ బయట నిలబడ్డవాళ్ళ దాకా ప్రతి మాటా ఖంగుమని వినిపించింది. మీటింగు అయ్యేసరికి డాక్టరుగారి గొంతు పోయింది.

ఆదివారం మాస్టారింటికి వెళ్ళాను. వయసు పైబడింది, ఇంక ఈ మనిషితో మాట్లాడాలంటే అరవాల్సిందే కదా అని దిగులుగానే ఉంది. పక్కన కూర్చుని చెవిలో గట్టిగా, "కాకినాడలో మంచి చెవి డాక్టరున్నారండి, తీసుకెళ్తాను" అన్నాను.

"ఏంటమ్మా?" అన్నారు.

ఇంతలో వంటింట్లోంచి కృపమ్మగారు, పొయ్యి మీద మూకుడు చూసుకుంటూ, తనలో తాను అనుకున్నంత మెల్లగా అన్నారు. "పనసపొట్టులో ఆవ పెట్టమంటారా?"

"కాస్త ఎక్కువే పెట్టు" అన్నారు మాస్టారు.

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన తాపీగా చెయ్యి చెవి దగ్గరకి తీసుకెళ్ళి, "ఏదో అన్నావు నిర్మలా, కొంచెం గట్టిగా చెప్పమ్మా" అన్నారు.