ఉత్తుత్తి ఒప్పందం

గల్ఫ్‌లో, రుమైథియాలో నేను పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడి పద్ధతిలో మామా, అంటే అమ్మా అని పిలుస్తాను. కాలేజీలో చదివే ఆమె కూతురు, వెనకటికి అమెరికాలో చైనా ఆడవాళ్లను వేశ్యాగృహాలకు కట్టిపడేసిన ఒప్పందాల మీద ప్రాజెక్టు చేసింది. నాచేత డికాషన్ కాయించి, కాగితాన్ని అందులో ముంచి పాతబడినట్టు చేసి, దానిమీద అలాంటి ఒప్పందమొకటి రాసింది. చివర వేలిముద్ర కావాలి.

"నా వేలు మరీ నున్నగా ఉంది. యల్లా, ఊఁ కానీ, నువ్వు వెయ్యి."

వేసేముందు షరతులన్నీ నాకు అరబీలో వివరించింది. జీతం ఉండదు. జబ్బుపడిన రోజులకు బదులు అదనంగా పనిచేయాలి. చెబుతూ చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనే ఓదార్చి, బొటనవేలికి సిరా అద్దుకుని నొక్కాను.

నా సొంత అగ్రిమెంటు మామా బీరువాలో, నా పాస్‌పోర్టు కింద ఉంది. దానిమీదా ఇదే వేలు. ఏం రాసుందో ముందుగా చెప్పి వేలు వేయించుకున్నది మాత్రం ఈ ఉత్తుత్తి కాగితం మీదే.