సీ లాంగ్వేజ్ తరఫున నేనొక్కదాన్నే

డిగ్రీలో నాకు సీ లాంగ్వేజ్ నేర్పిన మాస్టారు పనిచేసే అమలాపురం కాలేజీలోనే తర్వాత నేనూ లెక్చరర్‌గా చేరాను. ఇద్దరిదీ కొత్తపేటే కాబట్టి రోజూ ఒకే బస్సులో వెళ్లేవాళ్లం.

లింక్డ్ లిస్ట్ పాఠానికి ఆయన మమ్మల్ని వరండాలో వరసగా నిలబెట్టి, ముందువాళ్ల భుజం మీద చెయ్యి వేయించేవారు. ఆ చెయ్యే పాయింటర్, తర్వాతివాళ్లు ఎక్కడున్నారో చూపించేది అనేవారు. మధ్యలో ఒకరిని పక్కకి లాగి, "ఇప్పుడు ఎవరి చెయ్యి ఎవరి మీదుండాలి?" అనేవారు. తప్పు భుజం పట్టుకుంటే వెనకాల వరసంతా తెగిపోయినట్టే. ఆ పాఠం విన్న సాయంత్రం నేను రాసిన ప్రోగ్రామ్ మొదటిసారే నడిచింది. ఆ సంతోషమే నన్ను ఈ ఉద్యోగంలోకి తెచ్చింది.

నిరుడు, మొదటి సంవత్సరం పిల్లలకి సీ తీసేసి పైథాన్ పెట్టాలా వద్దా అని ప్రిన్సిపాల్ గారు మీటింగు పెట్టారు. ముందురోజు బస్సులో నేను ఉడికిపోతుంటే మాస్టారు నవ్వారు.

"నువ్వు గట్టిగా మాట్లాడమ్మా. నేనుంటాను కదా."

మాట్లాడాను. మెమరీలో ఏం జరుగుతుందో సీ చూపించినట్టు ఇంకోటి చూపించదన్నాను. పాతదైనా సరదా పోలేదన్నాను. వరండా పాఠం గురించీ చెప్పాను. తర్వాత ప్రిన్సిపాల్ గారు మాస్టారి వైపు తిరిగారు.

"కాలం మారిందండీ. సీ పట్టుకుని వేలాడ్డం సెంటిమెంటండి. ఆ వరండా ఆటలు చూస్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు," అన్నారు మాస్టారు.

అందరూ నవ్వారు. ప్రిన్సిపాల్ గారు తలూపుతూ, "సెలవుల్లో మా ఇంటికొచ్చి మాస్టారే చెప్పేరు కదా ఈ ఆలోచన," అన్నారు.

ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో నాకు గుర్తులేదు.

బస్టాండులో అడిగాను. "నాకొక్క మాట ముందే చెప్పొచ్చు కదా మాస్టారూ?"

"ఎవరో ఒకరు అటు మాట్లాడితేనే కదమ్మా, రెండువైపులా విన్నట్టుంటుంది. నువ్వైతే బాగా చెప్తావని..."

"మీకు సీ అంటే ఇష్టం లేదా?"

"ఎప్పుడో పోయిందమ్మా. చెప్పిందే చెప్పి విసుగొచ్చేసింది."

రోజూ బస్సులో పాయింటర్ల గురించి నేను ఉత్సాహంగా చెబుతుంటే "ఆయ్, ఆయ్" అంటూ విన్న మనిషి! అదెప్పటి నుంచి ఉత్త మర్యాదో నాకు తెలియలేదు. సిలబస్ మారినందుకు కాదు, అందుకే ఏడుపొచ్చింది. ఆయన వాదనలో నిజం లేకపోలేదు. ఆ నిజాన్ని నాతోనే వాదించి ఉంటే, ఓడిపోయినా సంతోషించేదాన్ని.

ఇప్పుడు నేను పైథాన్ చెబుతున్నాను. పిల్లలకి తొందరగా వస్తోంది, మంచి భాషే. మాస్టారు ఎదురైతే నమస్కారం పెడతాను, ఆయన "బావున్నావామ్మా?" అంటారు. కానీ పాఠంలో ఎక్కడైనా డౌటొస్తే, పక్కగదిలో ఆయన ఖాళీగా కూర్చున్నా సరే, వెళ్లి అడగను.