తుండు ఆరేలోగా

సింహాచలం కాలు పోయింది రైలు కింద పడీ కాదు, మొసలి పట్టీ కాదు. జానెడు ఇంగిలాయి చేప ముల్లు దిగి పోయింది. ఇంకా నిజం చెప్పాలంటే, తన చేత్తో తాను బిగించుకున్న వలతాడు వల్ల పోయింది. ఆ రెండో మాట అతను ఎవరి దగ్గరా అనేవాడు కాదు.

కొల్లేటి లంకల్లో ఇంగిలాయి కుట్టని మగాడు ఉండడు. కుట్టిందంటే ఆ సలుపుకి పళ్ళు కొరుక్కోవలసిందే. అక్కడివాళ్ళ వైద్యమల్లా ఒకటే, విషం పైకి ఎక్కకుండా పిక్క మీద వలతాడు బిగించడం, సలుపు చల్లారేదాకా విప్పకపోవడం. గోదావరికి పెద్ద వరదొచ్చిన యాభైమూడో సంవత్సరమది. సింహాచలం రెండు రోజులు తాడు విప్పలేదు. పాదం నల్లబడింది. నలుపు తాడు దగ్గరికొచ్చి ఆగింది. "చూశావా, విషాన్ని అక్కడే ఆపేశాను" అని పెళ్ళాం పెద్దింటమ్మకి గొప్పగా చూపించుకున్నాడు కూడాను! ఇరుగుపొరుగు వచ్చి, "భలే కట్టావురా" అని మెచ్చుకుని వెళ్ళారు. ఏం మెచ్చుకోళ్ళో, ఏం ఖర్మో! మూడోనాటికి ఒళ్ళు కాలిపోయే జ్వరం, సంధిమాటలు. నాలుగోనాడు తమ్ముడు నాగేశ్వరరావు దోనెలో పడుకోబెట్టుకుని, కాలవ వెంబడి పొడవాటి గెడకర్ర వేసుకుంటూ ఏలూరు ఆసుపత్రికి చేర్చాడు.

స్పృహ వచ్చేసరికి దుప్పటి కింద కుడివైపు చదునుగా ఉంది.

"ఇంకొక్క పూట ఆలస్యమైతే మనిషివే దక్కేవాడివి కాదు" అన్నాడు డాక్టరు. "మోకాలు మాత్రం ఎలాగో నిలబెట్టాను. దాని విలువ నీకు తరవాత తెలుస్తుంది."

సింహాచలం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాదం లేని మోకాలు నాకెందుకు, నైవేద్యం పెట్టుకోవడానికా అనుకున్నాడు.

అలా అనుకోవడంలో తప్పేం లేదు. ఇరవయ్యేడేళ్ళవాడు. చుట్టుపక్కల నాలుగు లంకల్లో అతనిలా గెడ వేసేవాడు లేడు. తాటిదోనె అంటే ఏమిటనుకున్నారు? తాటిమొద్దు తొలిచిందే కదా, ఒక్క పాదం అటూ ఇటూ అయితే మనిషిని నీళ్ళలో పారేస్తుంది. సింహాచలం అందులో నిలబడి, గెడ మీద ఒరిగి ఒక్క తోపు తోశాడంటే ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు చేతిలో పని ఆపి చూసేవారు. అతనికీ ఆ సంగతి తెలుసు, కొంచెం ఎక్కువే తెలుసు.

ఆ లంకలో ఒక కట్టుబాటు ఉండేది. వరదనీరు తీశాక చేపలు పట్టుకునే చోట్లను వంతులు వేసుకునేవారు. కార్తీకం మొదటి రోజున మధ్యాహ్నం ఊరిపెద్ద ఏడుకొండలు తన తుండు నీళ్ళలో ముంచి, పిండి, రేవులో గుంజకి ఆరవేసేవాడు. వంతు కావలసిన ప్రతివాడూ తన దోనె తానే నడుపుకుంటూ, సరస్సులో దూరంగా పాతిన గుర్తుగుంజని చుట్టి, తుండు ఆరేలోగా తిరిగి రావాలి. వచ్చినవాడికి నిండు వంతు. రానివాడికి ఆ ఏడు వంతు లేదు, వరసగా రెండేళ్ళు రాకపోతే వంతు ఇంట్లో తరవాతివాడికి పోతుంది. పౌర్ణమిదాకా ఎన్నిసార్లయినా రావచ్చని మాట ఉంది గాని, రెండోసారి వచ్చిన మగాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. మొదటిరోజు కానివాడు సిగ్గుతో ఇంట్లోనే ఉండిపోయేవాడు.

ఆ కార్తీకం సింహాచలం ఆసుపత్రిలోనే గడిచింది. ఒక ఏడు పోయింది. మిగిలింది ఇంకొక్కటి. తరవాతివాడు నాగేశ్వరరావు.

ఇంటికొచ్చాక అతను మనిషిలా లేడు. అరుగు మీద కూర్చుని రేవు వైపు వీపు పెట్టేవాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు. తమ్ముడు చేపలు తెచ్చి గుమ్మంలో పెడితే వాటిని చూసి పళ్ళు నూరేవాడు.

"నా చావు కోసం చూస్తన్నాడు వాడు. నా వంతు మీదుంది వాడి కన్ను" అన్నాడొకరోజు.

"నోరు కడుక్కో మావా!" అని పెద్దింటమ్మ కస్సుమంది. "నిన్ను ఏలూరు దాకా మోసుకెళ్ళింది ఆడు కాదా? ఆ పూట ఆడు గెడ ఆపుంటే వంతు అప్పుడే ఆడిదయ్యేది కదా!"

అతను అటు తిరిగి కూర్చున్నాడు. అనుమానం మాత్రం పోలేదు.

ఎండాకాలంలో పెద్దింటమ్మే అతన్ని వెంటబెట్టుకుని ఏలూరు తీసుకెళ్ళింది. బండిచక్రాలు చేసే యూసుఫ్ అని ఒక ముసలాయన, చేతిపని గట్టివాడు. మోకాలి కొలతలు తీసుకుని, తుమ్మచెక్కతో కాలు చేసి, తోలుపట్టీలు వేసిచ్చాడు.

"నేల మీద నడవడానికైతే నాది పూచీ అండి" అన్నాడు యూసుఫ్. "నీళ్ళ సంగతి మాత్రం నాకు తెలీదండి. నేను చక్రాలవాణ్ణి."

సింహాచలం ఆ మాట చెవిని పెట్టలేదు. ఇంటికి రాగానే ఒక వేకువన ఎవరూ లేవకముందే దోనె తోసుకుని బయల్దేరాడు. కిక్కిస గడ్డి చాటుకి వెళ్ళి లేచి నిలబడ్డాడు. గెడ దించి ఒక్క తోపు తోశాడు. తడిసిన దోనెలో కర్రకాలు సర్రున జారింది. అంతే, తలకిందులుగా నీళ్ళలో పడ్డాడు.

అడుగున బురద చేతికి తగిలింది. చల్లగా ఉంది. ఇక్కడే ఉండిపోతే పోలా, అనిపించింది. పైకి రాకూడదనే అనుకున్నాడు. కాని పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఈదిన చేతులు అతని మాట వింటాయా? వాటి పాటికి అవే నీళ్ళు తోసి అతన్ని పైకి తెచ్చి పడేశాయి. దోనె అంచు పట్టుకుని దగ్గాడు, కక్కాడు, తన చేతుల్ని తానే నానా బూతులూ తిట్టాడు. కర్రకాలు పట్టీలు తెగి ఎక్కడికో పోయింది. వెతికే ఓపిక కూడా లేదు.

మరి ఇంటికి పోవడం ఎలా? నిలబడలేడు. కూర్చుంటే గెడ అందదు. చివరికి మొండి మోకాలు దోనె అడుగున ఆనించి, ఎడమ పాదం ముందుకు పెట్టి, గెడ వేశాడు. ప్రాణం పోయినంత నొప్పి. కాని దోనె కదిలింది. ఇంకో తోపు తోశాడు. దోనె ఒరగలేదు! నిలబడ్డప్పటికంటే నిలకడగా పోతోంది.

రేవులో ఎదురైన పెద్దింటమ్మ అతని మోకాలు చూసి గుండెలు బాదుకుంది. చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది.

"అరవకే. గోనెసంచి ఉంటే కుట్టి గడ్డి కూరిపెట్టు, దిండులాగా" అన్నాడు సింహాచలం. కాలు పోయాక అతను నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అది.

అప్పటినుంచీ రోజూ వేకువనే కిక్కిసలోకి. పుండు మానేది, మళ్ళీ రేగేది. రెండుసార్లు చీము పట్టింది. ఒకసారి జ్వరం తగిలి పదిరోజులు పడుకున్నాడు. ఇంకా పైన కోసేస్తారేమోనని పెద్దింటమ్మ వణికిపోయింది. నడుం పట్టేసేది, భుజాలు బిగుసుకుపోయేవి. నిలబడి తోసేటప్పుడు ఒళ్ళంతా గెడ మీద పడేది, ఇప్పుడు ఆ బరువు లేదు, చేతులే అంతా చెయ్యాలి. పాత సింహాచలం అరగంటలో చుట్టొచ్చే దూరానికి ఇతనికి రెండు గంటలు పట్టింది. శ్రావణానికి గంటన్నర అయింది. ఆశ్వయుజం వెళ్ళేసరికి గంట దాటి కొంచెం. మంచి ఎండలో తుండు గంటకల్లా ఆరిపోతుంది, ఎంత చచ్చినా ఆ కొంచెం తగ్గలేదు.

కార్తీకం వచ్చింది. తుండు గుంజకెక్కింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది, పైగా పడమటి గాలి. పద్దెనిమిది దోనెలు ఒక్కసారి కదిలాయి, అతను గుర్తుగుంజ చేరకముందే మిగతా పదిహేడూ ఎదురొచ్చాయి, తిరుగుదారిలో. కొందరు చూపు తిప్పుకున్నారు. నాగేశ్వరరావు మాత్రం "పోనీ, నిదానంగా రా అన్నాయ్" అన్నాడు. ఆ నిదానం అన్న మాట అతనికి ఒళ్ళంతా కారం రాసినట్టనిపించింది.

రేవు చేరేసరికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. దోనె అడుగున నెత్తురు. ఏడుకొండలు గుంజ మీంచి తుండు తీసి పిండాడు. బొటబొటమని నీళ్ళు కారాయి.

"తడుందిరా! నిండు వంతు!" అన్నాడు పెద్దాయన.

ఎవరూ కేక వెయ్యలేదు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. సింహాచలం తుండు వైపు చూశాడు. ఈ ఎండకి, ఈ గాలికి గంట దాటాక తుండు అలా కారుతుందా? పసిపిల్లలకైనా తెలుస్తుంది.

"ఎవరు పోశారు?" అన్నాడు.

ఏడుకొండలు తుండు మడత పెట్టబోయాడు.

"మిమ్మల్నే పెద్దయ్యా. ఎవరు పోశారండి?"

"నేనే అన్నాయ్" అన్నాడు నాగేశ్వరరావు. మొలలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు, మొహం వాడిపోయి. "నీ వంతు నాకొద్దు. నువ్వలా మోకాలి మీద డేకుతుంటే ఆ చేపలు నా గొంతు దిగవు. అందుకని పోశాను. కొడతావా, కొట్టు."

సింహాచలం గెడ దోనెలో పడేశాడు. ఏడాదిపాటు వీణ్ణా తాను అనుమానించింది! సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తమ్ముణ్ణి కావలించుకోవాలనిపించింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఊరంతా కలిసి తనకి ముష్టి వేస్తోంది. కుంటివాడు కదా పాపం అని. ఈ వంతు తీసుకుంటే బతికున్నన్నాళ్ళూ ఆ తుండు నీళ్ళు తన మొహం మీద కారుతూనే ఉంటాయి.

"రాలేదని రాసుకోండి పెద్దయ్యా" అన్నాడు. "తుండు ఆరిపోయింది. రేపు మళ్ళీ వస్తాను."

"రేపా? ఎవడైనా రెండోసారి వచ్చాడ్రా ఇక్కడికి?"

"పౌర్ణమిదాకా రావచ్చన్నారు కదండి. మీరు తుండు ఆరెయ్యండి, నేనొస్తాను." తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వు ఇక్కడే ఉండు. ఎవడూ దాని దగ్గరికి పోకుండా చూడు. నువ్వు కూడా."

మర్నాడు తుండు ఆరిపోయింది. మూడోనాడూ ఆరిపోయింది. నాలుగోనాడు మోకాలు ఆనించలేక సగం దూరం నుంచే తిరిగొచ్చాడు. ఒడ్డున మొదట పదిమంది ఉండేవారు, తరవాత ముగ్గురే మిగిలారు, ఏడుకొండలూ, నాగేశ్వరరావూ, పెద్దింటమ్మా. "నా కోసమైనా ఆపు మావా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అని ఆమె ఏడ్చింది. "ఒక్కటే ఉందిగా, అది పట్టుకో" అన్నాడు. ఆ మాటకి ఇద్దరూ నవ్వారు, నవ్వి ఇద్దరూ ఏడ్చారు. మబ్బుపట్టిన రోజు పెద్దాయన తుండు ఆరెయ్యబోతే సింహాచలమే వద్దన్నాడు, మబ్బురోజున ఆరకపోవడం గొప్పా అన్నాడు. దశమినాడు తుండు అంచులు ఆరి మడతలో చల్లగా ఉందన్నారు. చల్లదనం తడి కాదన్నాడు.

త్రయోదశి నాడు గాలి పడమటిదే, ఎండా అదే. వచ్చేటప్పుడు కళ్ళు తెరవలేదు, తోపులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. దోనె రేవుకి తగిలినా ఇంకా గెడ వేస్తూనే ఉంటే నాగేశ్వరరావు దోనె ముక్కు పట్టుకుని ఆపాడు.

ఏడుకొండలు తుండు తీశాడు. రెండు చేతులా మెలిపెట్టి, పళ్ళు బిగించి పిండాడు. ఒక్క చుక్క. అది ఇసుకలో పడి ఇంకిపోయింది.

ముసలాయన తుండు తెచ్చి సింహాచలం చేతిలో పెట్టాడు. సింహాచలం దాన్ని నలిపి చూశాడు, చెంపకి ఆనించుకుని చూశాడు. తమ్ముడి వైపు తిరిగాడు.

"ఎవరు పోశార్రా?"

"ఎవరూ పొయ్యలేదు అన్నాయ్. అమ్మతోడు. నేనిక్కణ్ణుంచి కదల్లేదు."

"నిజం చెప్పు."

"నువ్వే వచ్చావు అన్నాయ్. ఆరకముందే వచ్చావు."

సింహాచలం ఆ తుండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాలు తీసేసిన రోజున ఏడవనివాడు, ఆ దోనెలోనే మోకాలి మీద కూర్చుని, భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు. చాలాసేపటికి అతను ఆ తుండు తిరిగి ఇచ్చినప్పుడు, అది పూర్తిగా తడిసిపోయి ఉంది.